నిలకడ లేనిది తుపాకీకా, మాకా?



కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. మేం హాస్టల్లో ఒకే రూములో ఉంటున్న ముగ్గురం కలిసి రాస్తున్నాం. మాలో ఎవరికి ఏం జరిగిందో విడివిడిగా చెప్పం, ముగ్గురికీ జరిగినట్టే అనుకోండి. విషయం ఎయిర్ రైఫిల్ గురించి. గాలి ముందే నింపి పెట్టుకునే పీసీపీ రైఫిల్‌కి ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటే లాభమా, లేకపోయినా నడుస్తుందా అని మూడు నెలలుగా మేం కొట్టుకుంటున్న గొడవ. ఇది సామాన్ల గొడవలా కనిపిస్తుంది గానీ, మా వరకు ఒక సెలక్షన్ దీని మీదే పోయింది.

ముందు సంగతి చెప్తాం. కాలేజీలో స్పోర్ట్స్ సార్ ఒకరోజు, షూటింగ్ నేర్చుకునేవాళ్ళు పేర్లు ఇవ్వండి అన్నారు. ఫీజు లేదన్నారు కాబట్టి ఇచ్చాం. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ, "తుపాకీయా? మనకెందుకమ్మా అది? చెక్‌పోస్టు దగ్గర ఏటని చెప్తావు?" అంది. ఏజెన్సీలో తుపాకీ అన్న మాటకి ఎలాంటి భయం ఉందో ఇక్కడ మీకు చెప్పక్కర్లేదు. ఇది ఆటకి వాడేది, గాలితో పేలేది, క్లబ్బులోనే ఉంటుంది, మేం ఇంటికి తేం అని చెప్పి ఒప్పించాం.

క్లబ్బులో రైఫిళ్ళు రెండు రకాలు. సొంతంగా కొనుక్కున్నవాళ్ళవి మంచి మ్యాచ్ రైఫిళ్ళు, వాటిల్లో రెగ్యులేటర్ ఉంటుంది. మాలాంటివాళ్ళకి ఇచ్చేది క్లబ్బు రైఫిల్. పాతది, చిన్న ట్యూబు, రెగ్యులేటర్ లేదు. స్కోరు బోర్డు మాత్రం అందరికీ ఒక్కటే.

సెలక్షన్ రోజు మాలో ఒకరికి 60 షాట్లకి 548 వచ్చింది. కటాఫ్ 552. నాలుగు పాయింట్లు. అందులో చివరి పది షాట్లలోనే ఎక్కువ పోయాయి, అన్నీ కిందికి జారాయి. మధ్యలో సైటు క్లిక్కులు కూడా చాలాసార్లు తిప్పాల్సి వచ్చింది. కోచింగ్ ఇచ్చే సార్ కాగితం చూసి, "మీవాళ్ళకి ఒంట్లో బలం ఉంటది గానీ నిలకడ ఉండదమ్మా. క్లిక్కులు ఊరికే తిప్పేస్తారు, చివరికొచ్చేసరికి వదిలేస్తారు" అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి మెస్‌లో మేం ముగ్గురం సరిగ్గా తినలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సార్ అన్నది నిజమేనేమో అని మేం కూడా అనుకున్నాం.

తర్వాత వారం క్లబ్బులో ఒక సీనియర్ అన్న, "రెగ్యులేటర్ లేని పీసీపీ చివర్లో అలాగే జారుతుంది, మీ తప్పు కాదు" అన్నాడు. పక్కనున్న ఇంకో అన్న, "అదేం లేదు, రెగ్యులేటర్ అంటే చెడిపోయే వస్తువు ఇంకోటి తెచ్చి పెట్టుకోవడమే. గన్ను గురించి తెలిస్తే చాలు" అన్నాడు. ఇద్దరూ బాగా కాల్చేవాళ్ళే. ఎవరి మాట నమ్మాలో తెలియక లోపల ఏం జరుగుతుందో మేమే నేర్చుకోవడం మొదలుపెట్టాం.

మాకు అర్థమైంది మా మాటల్లో చెప్తాం.

మా తాత విల్లు లాగితే నారి ప్రతిసారీ చెంప దగ్గర ఒకే చోటికి వచ్చేది. అక్కడిదాకా లాగితే బాణానికి ఒక వేగం, అంతకన్నా తక్కువ లాగితే ఇంకో వేగం. వేగం మారితే బాణం కిందో పైనో పడుతుంది. కాబట్టి ఎంత బలంగా లాగామన్నది కాదు, ప్రతిసారీ అంతే లాగామా అన్నదే లెక్క. ఎయిర్ రైఫిల్‌కీ ఇదే లెక్క. ప్రతి పెల్లెట్ వెనకా ఒకే తోపు ఉండాలి.

పీసీపీలో ట్యూబులోకి గాలి ముందే నింపుతాం, మా దాంట్లో 200 బార్ దాకా. ట్రిగ్గర్ నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి వచ్చి వాల్వ్‌ని కొడుతుంది. వాల్వ్ రెప్పపాటు తెరుచుకుని, కొంచెం గాలి బయటికి వచ్చి పెల్లెట్‌ని తోస్తుంది. ఒక్కో షాటుకీ ట్యూబులో ప్రెషర్ కొంచెం తగ్గుతుంది. అంటే మొదటి షాటు నుంచీ వేగం తగ్గుతూ పోవాలి కదా? మేమూ అలాగే అనుకున్నాం. కానీ అలా కాదు.

వాల్వ్‌ని మూసి ఉంచేది కూడా ఆ ప్రెషరే. ట్యూబు నిండుగా ఉన్నప్పుడు గాలి వాల్వ్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. సుత్తి కొట్టినా అది కొంచెమే తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంది. బయటికొచ్చే గాలి తక్కువ, వేగమూ తక్కువ. ప్రెషర్ కొంత తగ్గాక వాల్వ్ సుళువుగా తెరుచుకుంటుంది, వేగం పెరుగుతుంది. ఇంకా తగ్గాక వాల్వ్ బాగానే తెరుచుకున్నా తోసే గాలికి బలం చాలదు, వేగం పడిపోతుంది. అంటే మొదట తక్కువ, మధ్యలో ఎక్కువ, చివర మళ్ళీ తక్కువ. మధ్యలో ఒక చదునైన జాగా ఉంటుంది. కొండెక్కి, మీద చదునులో కొంచెంసేపు నడిచి, అవతల దిగినట్టు.

రెగ్యులేటర్ పని ఏంటంటే, పెద్ద ట్యూబుకీ వాల్వ్‌కీ మధ్య ఒక చిన్న గది పెట్టి, ఆ గదిలో ఎప్పుడూ ఒకే ప్రెషర్ ఉండేలా చూడటం. లోపల చిన్న పిస్టన్, దాని కింద గిన్నెల్లా వంగిన స్ప్రింగు వాషర్లు ఉంటాయి. గదిలో ప్రెషర్ 80 బార్‌కి సెట్ చేశామనుకోండి. 80కి చేరగానే పిస్టన్ కదిలి దారి మూసేస్తుంది. షాటు కాల్చగానే గదిలో గాలి తగ్గుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ 80కి నిండి మూసుకుంటుంది. వెనక ట్యూబులో 200 ఉన్నా 120 ఉన్నా వాల్వ్‌కి తెలిసేది 80 మాత్రమే. వంటింట్లో గ్యాస్ బండకి రెగ్యులేటర్ ఎందుకు పెడతామో ఇదీ అందుకే. బండలో ప్రెషర్ ఎంత ఉన్నా మంట ఒకేలా ఉండాలి.

ఇంతవరకు విన్నది, చదివింది. మా రైఫిల్ సంగతి మాకు తెలియాలంటే కొలవాలి. సీనియర్ అన్న దగ్గర పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంది. ఒక ఆదివారం అడిగి తీసుకున్నాం. ట్యూబు 200కి నింపి, రైఫిల్‌ని బల్ల మీద ఇసుక సంచులకి ఆనించి, ఒకరు కాలుస్తుంటే ఒకరు వేగం, ఒకరు గేజ్ చూసి రాసుకున్నాం. 80 షాట్లు.

200 బార్ దగ్గర వేగం సెకనుకి 162, 163 మీటర్లు. 170 బార్‌కి వచ్చేసరికి 169. 160 నుంచి 110 దాకా 171కీ 173కీ మధ్యే తిరిగింది. 100కి దిగాక 167. 85 దగ్గర 160. మధ్యలో చదును మేం అనుకున్నదానికన్నా బాగుంది, దాదాపు 40 షాట్లు. కానీ మ్యాచ్ అంటే 60 షాట్లు, దానికి ముందు సైటు సరిచూసుకునే షాట్లు ఇంకో పదిహేను.

ఆ రాత్రి రూములో కూర్చుని లెక్క వేశాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు దీనికి. 10 మీటర్ల దూరం, సెకనుకి 172 మీటర్ల వేగం అంటే పెల్లెట్ గాల్లో ఉండేది సెకనులో పదిహేడో వంతు. అంతలో భూమి దాన్ని 16.6 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. అదే 160 వేగమైతే 19.2 మిల్లీమీటర్లు. తేడా 2.6. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో రింగు అడ్డంగా అర మిల్లీమీటరే, చుక్కంత. ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. అంటే మనిషి రాయిలా కదలకుండా కాల్చినా, చివరికొచ్చేసరికి నడిమధ్యలో తగలాల్సిన పది తొమ్మిది అవుతుంది.

ఇంకోటి కూడా బయటపడింది. మేం 200కి నింపగానే సైటు సరిచూసుకునేవాళ్ళం. అంటే వేగం తక్కువ ఉన్నప్పుడు సైటు పెట్టుకున్నాం. తర్వాత వేగం పెరిగి షాట్లు దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి పోయాయి. దానికి క్లిక్కులు కిందికి తిప్పాం. చివర్లో వేగం పడి, తిప్పిన క్లిక్కుల వల్ల ఇంకా కిందికి పోయాయి. ఊరికే తిప్పలేదు. రైఫిల్ కదులుతుంటే దాని వెనక పరిగెత్తాం.

ఆ కాగితం మీద అంకెలు చూసినప్పుడు ఏడుపొచ్చింది. సంతోషమో బాధో చెప్పలేం.

ఇక్కడితో ఆపేస్తే, "చూశారా, తప్పంతా తుపాకీదే" అని రాసి లైకులు తెచ్చుకోవచ్చు. కానీ అది సగం నిజమే. సెలక్షన్ రోజు టార్గెట్ కాగితాలు అడిగి తీసుకుని మళ్ళీ చూశాం. కిందికి జారినవి ఉన్నాయి. కానీ పక్కకి, ఎడమకీ కుడికీ పోయినవి కూడా చాలా ఉన్నాయి. వేగం తగ్గితే పెల్లెట్ కిందికి పోతుంది గానీ పక్కకి పోదు. పక్కకి పోయినవి మా భుజానివి, మా ఊపిరివి, ట్రిగ్గర్ లాగిన మా వేలివి. వాటిని ఏ రెగ్యులేటరూ ఆపదు. రెగ్యులేటర్ తుపాకీ నిలకడని మాత్రమే ఇస్తుంది. మనిషి నిలకడ వేరే సంపాదించుకోవాల్సిందే.

తర్వాత ఇంకో పరీక్ష చేశాం. రెగ్యులేటర్ లేకుండానే ఆ చదునులో ఉండి కాల్చగలమా అని. 200కి కాకుండా 165కే నింపాం. సైటు షాట్లు, 20 మ్యాచ్ షాట్లు అయ్యాక ఆపి, మళ్ళీ 165కి నింపి మిగతా 40 కాల్చాం. చివరి పది షాట్లు కిందికి జారడం ఆగిపోయింది. క్లిక్కులు తిప్పాల్సిన పని దాదాపు రాలేదు. అయిదు రోజులు ఇలాగే చేస్తే సగటు 546 నుంచి 551కి వచ్చింది. ఒకరోజు 553 వచ్చింది, మర్నాడే 549. పక్కకి పోయే షాట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అంటే రెండో అన్న చెప్పింది కూడా తప్పు కాదు. గన్ను గురించి తెలిస్తే రెగ్యులేటర్ లేకుండా కాల్చొచ్చు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరార్డోని ఎయిర్ రైఫిల్ కూడా గాలి ముందే నింపుకునేదే. రెగ్యులేటర్ లేకుండానే వరసగా ఇరవై గుళ్ళ దాకా కాల్చేది. మ్యాచ్ షూటింగ్‌లోనూ ఒకప్పుడు ఒక్కో షాటుకీ ఒక్కసారి లివర్ లాగి గాలి నొక్కే రైఫిళ్ళు వాడేవాళ్ళు. ప్రతిసారీ అంతే లివర్, అంతే గాలి. అలాంటిదానికి రెగ్యులేటర్‌తో పనే లేదు.

కానీ రెగ్యులేటర్ లేకపోవడానికి కూడా ఒక ఖర్చుంది. అది ఎవరు కడుతున్నారన్నది చూడాలి. మా క్లబ్బులో గాలి చేతి పంపుతోనే నింపాలి. 165కి తేవాలంటే ఒళ్ళంతా చెమట. పంపు కొట్టిన చేతులతో, దడదడలాడే గుండెతో వెంటనే రైఫిల్ పట్టుకుంటే సైటులో టార్గెట్ ఎగురుతూ కనిపిస్తుంది. అందుకే ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు పంపు కొట్టాం. పోటీకి ఒక్కరే వెళ్తే పంపు ఎవరు కొడతారు? పైగా కొట్టగానే గాలి వేడిగా ఉంటుంది, చల్లారాక గేజ్ ముల్లు కిందికి దిగుతుంది. మళ్ళీ రెండు కొట్టాలి. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాల్సినవాళ్ళకి ఇదంతా బరువే. పక్క లేన్‌లో రెగ్యులేటర్ రైఫిల్ ఉన్నవాళ్ళు ఇవేవీ ఆలోచించరు. వాళ్ళు ఊపిరి గురించి మాత్రమే ఆలోచిస్తారు. మేం ఊపిరి, బార్లు, షాట్ల లెక్క మూడూ మోయాలి.

పై స్థాయిలో అయితే వాదనే లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది 700.5తో, రెండో స్థానం 699.7. క్వాలిఫికేషన్, ఫైనల్ కలిపి 70 షాట్లకి తేడా 0.8. ఫైనల్‌లో పాయింట్‌లో పదో వంతు కూడా లెక్కేస్తారు, ఒక్కో పదో వంతు అంటే పావు మిల్లీమీటరు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు గెలిచిన పోటీ కూడా ఇదే, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. మా లెక్క ప్రకారం వేగం 3 మీటర్లు మారితే 0.6 మిల్లీమీటరు, అంటే రెండు పదో వంతులకి పైనే. అక్కడ రెగ్యులేటర్ లేకుండా నిలబడటం కష్టం. దూరం పెరిగితే ఇంకా ఎక్కువ. అదే వేగంతో 10 మీటర్లు 20 అయితే ఆ తేడా రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది.

రెగ్యులేటర్‌కీ రోగాలున్నాయి, అవీ చెప్పాలి. పిస్టన్ మూసుకునే చోట దుమ్ము చేరినా, గీత పడినా దారి పూర్తిగా మూసుకోదు. రైఫిల్ పక్కన పెట్టి ఉంచితే గదిలోకి గాలి మెల్లగా కారి ప్రెషర్ పెరిగిపోతుంది. అప్పుడు మొదటి షాటు ఒకచోట, మిగతావి ఒకచోట పడతాయి. రెగ్యులేటర్ ఉందన్న ధైర్యంతో గేజ్ చూడటం మానేసేవాళ్ళూ ఉన్నారు. ట్యూబు ప్రెషర్ సెట్ చేసిన అంకె కన్నా కిందికి దిగాక రెగ్యులేటర్ ఉన్నా లేనట్టే, వేగం పడిపోతుంది. చేతి పంపుతో లోపలికి తేమ పోతుంది, దానికి పంపు ఫిల్టరు చూసుకోవాలి.

మేం స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి కొంత దాచి, క్లబ్బు రైఫిల్‌కి రెగ్యులేటర్ వేయించమని ఇద్దామనుకున్నాం. చివరికి ఇవ్వలేదు. ఆ డబ్బుతో పెల్లెట్లు కొన్నాం. ఎందుకంటే మా షాట్లు ఇంకా పక్కకి పోతున్నాయి. అవి తగ్గేదాకా రెగ్యులేటర్ ఇచ్చే నాలుగైదు పాయింట్లకన్నా రోజుకి 40 పెల్లెట్లు ఎక్కువ కాల్చడమే మాకు ఎక్కువ ఇస్తుంది. అవి తగ్గాక మాత్రం రెగ్యులేటర్ కావాల్సిందే, అప్పుడు క్లబ్బునే అడుగుతాం. మాకు తేలిన జవాబు ఇది. మీ రైఫిల్ వేరే అయితే జవాబు కూడా వేరే కావచ్చు, కొలుచుకోండి.

కొలిచిన కాగితం సార్‌కి చూపించాం. వాదించడానికి కాదని ముందే చెప్పాం. ఆయన చాలాసేపు చూశారు. "ఈ గన్ను నేనూ ఎప్పుడూ కొలవలేదమ్మా" అన్నారు. సారీ అనలేదు, మేం ఆశించలేదు. మర్నాడు పంపు పక్కన ఒక నోటు బుక్కు తాడుతో కట్టి ఉంది. ఎవరు కాల్చినా మొదలెట్టినప్పుడు బార్ ఎంత, ఆపినప్పుడు ఎంత, ఎన్ని షాట్లు అని రాయాలి. మా జూనియర్లు ఇప్పుడు 200కి నింపడం లేదు.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు స్పోర్ట్స్ స్కూళ్ళలో, క్లబ్బుల్లో చేరుతున్నారు కాబట్టి నాలుగు మాటలు.

ఇచ్చిన రైఫిల్‌కి రెగ్యులేటర్ ఉందో లేదో మొదటి రోజే అడగండి. లేకపోతే క్రోనోగ్రాఫ్‌తో ఒక్కసారి మొత్తం కొలిచి, చదును ఏ బార్ నుంచి ఏ బార్ దాకా ఉందో రాసుకోండి. సైటు పెట్టుకునేది ఆ చదునులోనే. క్రోనోగ్రాఫ్ దొరక్కపోతే రైఫిల్‌ని సంచులకి ఆనించి వరసగా కాల్చండి, షాట్లు ఎప్పుడు జారడం మొదలవుతుందో కాగితమే చెప్తుంది.

ఉన్నా సరే, అరగంట పక్కన పెట్టి మొదటి షాటు ఎక్కడ పడుతుందో చూడండి.

గాలి తప్ప ఇంకేదీ నింపొద్దు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా అని ఎవరైనా అంటే వినొద్దు. నూనె తగిలి పేలిపోతుంది, ప్రాణం పోతుంది. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి.

రైఫిల్ ఎక్కడికైనా తీసుకెళ్ళాల్సి వస్తే క్లబ్బు లెటరు, ఐడీ కార్డు లేకుండా కదలొద్దు, ముఖ్యంగా మన వైపు. అడవిలో పిట్టల మీదకి అసలు తీయొద్దు. వన్యప్రాణి చట్టం కేసు పడితే ఆటా పోతుంది, చదువూ పోతుంది.

ఇంకొకటి. మీకు నిలకడ లేదని ఎవరన్నా అంటే వెంటనే నమ్మేయకండి, వెంటనే కొట్లాటకీ పోకండి. ముందు కొలవండి. కిందికి పోయినవి ఎన్ని, పక్కకి పోయినవి ఎన్ని అని విడదీయండి. మేం ఆ పని సెలక్షన్‌కి ముందు చేసి ఉంటే బాగుండేది.

వచ్చే సెలక్షన్‌కి మళ్ళీ పేర్లిచ్చాం. నోటు బుక్కులో నిన్నటి మా లైను: మొదలు 165, ఆపింది 112, షాట్లు 37. పక్కకి పోయినవి 9.